దినాంకం: ఒకే రోజును ఎన్నో లెక్కల్లో చూపే చిన్న ప్రోగ్రాం

కంప్యూటరుకు ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో 'డేట్' అనే ఆదేశం ఇస్తే కంప్యూటరు నేటి తేదీని చూపుతుంది. దానికి తగిన గుర్తులు జతచేస్తే సంవత్సరం ముందుగానో, నెల పేరుతోనో, వారం సంఖ్యతోనో, ఏడాదిలో ఎన్నో రోజో చెప్పే అంకెతోనో, మనం కోరిన తీరులో రాసిస్తుంది. ఎన్ని తీరులైనా అవన్నీ గ్రెగోరియన్ కాలెండరు లోపలివే. తెలుగువారి ఇళ్లలో భద్రంగా దాచిన పాత భూమి కాగితాలను తిరగేస్తే ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. భారత ప్రభుత్వ గెజిట్ మీద శక తేదీ ఉంటుంది. పంచాంగం అట్ట మీద క్రోధి, విశ్వావసు వంటి పేర్లు ఉంటాయి. శాసనాలలోనూ పాత కావ్యాల చివరి పద్యాలలోనూ సంవత్సరాన్ని అంకెలు లేకుండా మాటలలోనే చెబుతారు. వీటిలో ఏ ఒక్కటీ 'డేట్' ఆదేశానికి తెలియదు. ఈ లోటు తీర్చుకోవడానికి నేను పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుని, దానికి 'దినాంకం' అని పేరు పెట్టాను. దాని నిర్మాణం గురించీ, దానిని రాస్తున్నప్పుడు కాలగణన గురించి తెలిసివచ్చిన సంగతుల గురించీ ఈ వ్యాసం.

ఇటువంటి ప్రోగ్రాంలు యూనిక్స్ ప్రపంచానికి కొత్త కావు. 'డిడేట్' అనే ప్రోగ్రాం తేదీని డిస్కార్డియన్ అనే కల్పిత కాలెండరులో చూపుతుంది. అది చాలాకాలం లినక్స్ మూల పనిముట్ల సంచిలోనే భాగంగా ఉండేది. అది వినోదం కోసం పుట్టినది. నాకు కావలసినవి మనుషులు నిజంగా వాడిన, ఇప్పటికీ వాడుతున్న లెక్కలు. ప్రోగ్రాంకు 1947 ఆగస్టు 15 అని ఇస్తే వచ్చే సమాధానం ఇలా ఉంటుంది (ఒక్కొక్క పంక్తి అర్థం ముందు ముందు వస్తుంది):

శుక్రవారం, 1947 ఆగస్టు 15
రాష్ట్రీయ శక తేదీ: 1869 శ్రావణం 24
కలి దినం: 1843947
జూలియన్ దిన సంఖ్య: 2432413
మద్రాసు ఫసలీ: 1357
హైదరాబాదు ఫసలీ: 1356
సంవత్సరం: సర్వజిత్తు
భూతసంఖ్య: నంద రస వసు చంద్ర

ఇన్ని కాలెండర్ల మధ్య మార్పిడి చేయాలంటే ప్రతి జంటకూ ఒక సూత్రం రాయాలనిపిస్తుంది. ఆ దారిలో వెళ్తే కాలెండర్లు పెరిగేకొద్దీ సూత్రాలు చేయి దాటిపోతాయి. అందుకు బదులు ఏ తేదీనైనా ముందుగా ఒక స్థిరమైన రోజు నుంచి గడిచిన రోజుల సంఖ్యగా మార్చి, ఆ సంఖ్య నుంచి కావలసిన కాలెండరులోకి దిగడం మేలు. ఊళ్లన్నింటికీ దారులు కలిసే కూడలి వంటిది ఆ సంఖ్య. పైథాన్‌లోని తేదీల భాగం క్రీస్తు శకం 1వ సంవత్సరం జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కించి ఆ సంఖ్యను ఇస్తుంది. ఆ లెక్కలో 1947 ఆగస్టు 15 అనేది 710988వ రోజు.

కంప్యూటర్లు రాకముందు ఎన్నో శతాబ్దాలుగా మన జ్యోతిశ్శాస్త్ర గ్రంథాలలో ఉన్న పద్ధతి కూడా ఇదే. సిద్ధాంత గ్రంథం ఏదైనా గ్రహాల స్థానాలు చెప్పడానికి ముందు అహర్గణం కట్టమంటుంది. ఒక ఆరంభం నుంచి ఇష్టదినం వరకు గడిచిన రోజుల మొత్తమే అహర్గణం. కలియుగారంభం నుంచి లెక్కిస్తే వచ్చేదే కలి దినం. గ్రెగోరియన్‌కు ముందు ఐరోపాలో వాడిన జూలియన్ కాలెండరు ప్రకారం కలియుగారంభం క్రీస్తు పూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. ఐరోపా ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే జూలియన్ దిన సంఖ్య కూడా ఇటువంటిదే. జోసెఫ్ స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన 7980 సంవత్సరాల చక్రం దానికి మూలం. అది క్రీస్తు పూర్వం 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది. మూడు లెక్కలకూ ఆరంభాలు వేరైనా, వాటి మధ్య తేడా ఎప్పటికీ మారదు. పైథాన్ సంఖ్యకు 1132959 కలిపితే కలి దినం వస్తుంది. 1721425 కలిపితే జూలియన్ దిన సంఖ్య వస్తుంది. ప్రోగ్రాంలో ఈ భాగానికి రెండు వాక్యాలు చాలాయి.

కలి దినంలో నాకు అన్నిటికంటే నచ్చినది వారాన్ని సరిచూసుకునే తీరు. ఆరంభం శుక్రవారం కాబట్టి, అహర్గణాన్ని ఏడుతో భాగిస్తే శేషం సున్నా వచ్చిన రోజు శుక్రవారం, ఒకటి వస్తే శనివారం, ఆ పైన వరుసగా మిగిలినవి. 1843947ను ఏడుతో భాగిస్తే శేషం లేదు. స్వాతంత్ర్యం వచ్చినది శుక్రవారమే. చేతితో అహర్గణం కట్టేవారు వారం కలవకపోతే ఒక రోజు కలపడమో తీసివేయడమో చేసి సరిదిద్దుకునేవారు. నా ప్రోగ్రాంలోని ప్రతి మార్పిడికీ రాసిన పరీక్షలు కూడా ఈ వారపు తనిఖీ మీదనే నిలబడ్డాయి. తేదీల లెక్కలలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒక్క రోజు తేడావే కనుక, ఈ తనిఖీ వాటిని వెంటనే పట్టిస్తుంది.

రాష్ట్రీయ శక కాలెండరు వీటన్నిటిలో సులువైనది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన కాలెండరు సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22ను 1879 చైత్రం 1గా తీసుకుని ఈ కాలెండరు అమలులోకి వచ్చింది. చైత్రానికి 30 రోజులు, లీపు సంవత్సరంలో 31. వైశాఖం నుంచి భాద్రపదం వరకు అయిదు నెలలకు 31 చొప్పున. ఆశ్వయుజం నుంచి ఫాల్గుణం వరకు ఆరు నెలలకు 30 చొప్పున. వేసవి నెలల్లో భూమి సూర్యునికి దూరంగా ఉండి మెల్లగా కదులుతుంది కాబట్టి పెద్ద నెలలన్నీ ఆ వైపునే చేరాయి. అది ఆలోచించి చేసిన ఏర్పాటు. శక సంవత్సరానికి 78 కలిపినప్పుడు వచ్చేది గ్రెగోరియన్ లీపు సంవత్సరమైతే ఇదీ లీపు సంవత్సరమే, అప్పుడు చైత్రం మార్చి 21న మొదలవుతుంది. ఇంత స్పష్టమైన కాలెండరు గెజిట్‌కూ ఆకాశవాణి వార్తలకూ ప్రభుత్వ కాలెండర్లకూ పరిమితమైపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నెలల పేర్లు పంచాంగంలోని చాంద్రమాన నెలలవే కావడం అందుకు ఒక కారణమని నా అభిప్రాయం. 1947 ఆగస్టు 15 రాష్ట్రీయ లెక్కలో శ్రావణం 24. పంచాంగం ప్రకారం ఆనాడు నడుస్తున్నది అధిక శ్రావణ బహుళ పక్షం. ఒకే పేరు రెండు వేరు వేరు కాలాలను చూపుతుంటే సామాన్యుడు తనకు పండుగలు చెప్పేదాన్నే నమ్ముకుంటాడు. అందుకే నా ప్రోగ్రాం ఎక్కడా 'శ్రావణం' అని ఒంటరిగా రాయదు. 'రాష్ట్రీయ శక తేదీ' అన్న మాట తప్పనిసరిగా ముందు ఉంటుంది.

ఫసలీ లెక్క మాత్రం ఊహించిన దానికంటే లోతుగా ఉంది. పంటకూ శిస్తుకూ సంబంధించిన ఈ సంవత్సరం అక్బరు కాలంలో హిజ్రీ లెక్క నుంచి విడివడి సౌరమానంలోకి వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు రెవెన్యూ లెక్కలలో ఫసలీ జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. జులై నుంచి డిసెంబరు వరకు క్రీస్తు సంవత్సరం నుంచి 590, జనవరి నుంచి జూన్ వరకైతే 591 తీసివేయాలి. 2024 జులై 1న మొదలైనది 1434 ఫసలీ. గ్రామంలోని భూముల లెక్క అయిన అడంగల్‌లోనూ, ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీ అయిన జమాబందీలోనూ ఈ సంఖ్యే కనిపిస్తుంది. అయితే నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. కనుక జులై నుంచి అక్టోబరు వరకు ఉన్న మూడు నెలలలో ఒకే రోజుకు మద్రాసు వైపు ఒక ఫసలీ, హైదరాబాదు వైపు అంతకు ఒకటి తక్కువ ఫసలీ ఉండేవి. దీనికి గట్టి సాక్ష్యం ఒక చట్టం పేరులోనే ఉంది. హైదరాబాదులో జాగీర్లను రద్దుచేసిన నిబంధన 1949 ఆగస్టులో వెలువడింది. దాని పేరులో ఉన్న సంవత్సరం 1358 ఫసలీ. మద్రాసు సూత్రం వాడితే 1359 వస్తుంది, అది తప్పు. పరీక్షల జాబితాలో ఈ నిబంధనను నేను ప్రత్యేకంగా చేర్చాను. పాత పహాణీ (తెలంగాణ వైపు అడంగల్) నకలు చేతిలో పట్టుకుని, ఆ భూమి ఏ సంవత్సరంలో ఎవరి పేరు మీద ఉన్నదో తేల్చుకోవాలనుకునే వారికి ఈ ఒక్క సంవత్సరపు తేడా చిన్నది కాదు. అందువల్ల ప్రోగ్రాం తానుగా ఒకదానిని ఎంచుకోకుండా, రెండింటినీ పేర్లతో సహా చూపుతుంది. దినాంకం వల్ల ఎవరికైనా నిజమైన ఉపయోగం ఉంటే అది ఈ రెండు పంక్తులలోనే అనుకుంటాను.

చరిత్రలోని తేదీలకు మరొక జాగ్రత్త కావాలి. పైథాన్ గ్రెగోరియన్ నియమాన్ని ఒకటో శతాబ్దం దాకా వెనక్కి సాగదీస్తుంది. కానీ ఆ కాలెండరు పుట్టినదే 1582 అక్టోబరులో. అంతకు ముందటి సంఘటనలకు చరిత్ర పుస్తకాలు ఇచ్చే తేదీలు సాధారణంగా జూలియన్ కాలెండరువి. రాక్షసి తంగడి యుద్ధం, అంటే తళ్ళికోట యుద్ధంగా మనం చదువుకున్నది, 1565 జనవరి 23 మంగళవారం నాడు జరిగిందని చరిత్రకారులు రాశారు. ఆ తేదీని అలాగే పైథాన్‌కు ఇస్తే శనివారం అంటుంది. జూలియన్ తేదీగా గుర్తించి మార్చితే కలి దినం 1704231 వస్తుంది, ఏడుతో భాగిస్తే శేషం నాలుగు, అంటే మంగళవారం. ఇంగ్లండు 1752 వరకు పాత కాలెండరునే పట్టుకుని ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తరువాతి రోజు 14 అయింది. యూనిక్స్‌లోని 'కాల్' ఆదేశాన్ని ఆ నెల చూపమంటే మధ్యలో పదకొండు రోజులు ఖాళీగా దాటిపోతుంది. ఫ్రాన్సు 1582లోనే మారింది. కాబట్టి మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకుల లెక్కల పుస్తకమూ ఫ్రెంచి వర్తకుల లెక్కల పుస్తకమూ ఒకే రోజున పది పదకొండు రోజుల తేడా గల తేదీలు వేసుకుంటూ వచ్చాయి. ప్రోగ్రాంలో పాత తేదీ ఇచ్చేటప్పుడు అది ఏ కాలెండరుదో చెప్పి తీరాలి. చెప్పకపోతే 1752కు ముందటి తేదీలకు రెండు సమాధానాలూ వస్తాయి. వారం తెలిసినవారు దానిని బట్టి సరైనదానిని ఎంచుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ కూడికలతో, తీసివేతలతో, భాగహారంతో తేలిపోయేవి. పంచాంగం దగ్గరకు వచ్చేసరికి లెక్క స్వభావమే మారుతుంది.

అరవై సంవత్సరాల పేర్లు మాత్రం ఇంకా అంకగణితమే. శక సంవత్సరానికి 12 కలిపి అరవైతో భాగిస్తే వచ్చే శేషం ప్రభవ నుంచి ఎన్నో పేరో చెబుతుంది. శక 1946కు 12 కలిపితే 1958, శేషం 38, ముప్పై ఎనిమిదవ పేరు క్రోధి. శేషం సున్నా వస్తే అది అరవయ్యవదైన అక్షయ. ఇది దక్షిణాది లెక్క; ఉత్తరాదిలో గురుగ్రహ గతిని బట్టి పేర్లు నడుస్తాయి కనుక అక్కడి పేరు మన పేరుతో కలవదు. సమస్య పేరుతో లేదు, ఆ పేరు ఏ రోజున మారుతుందన్న దానితో ఉంది. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. 2023లో ఉగాదీ రాష్ట్రీయ కాలెండరులోని చైత్రం 1వ తేదీ ఒకే రోజున కలిశాయి; మరుసటి ఏడాదికి వాటి మధ్య పందొమ్మిది రోజుల దూరం ఏర్పడింది. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఏ తేదీ అడిగినా, సంవత్సరం పేరు చెప్పాలంటే చంద్రుడు ఎక్కడున్నాడో తెలియాలి.

తిథి అంటే చంద్రుడు సూర్యుని కంటే పన్నెండు డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం. ఇద్దరి స్ఫుటాల (ఆకాశంలో వారి స్థానాన్ని డిగ్రీలలో చెప్పే అంకెల) తేడాను పన్నెండుతో భాగిస్తే తిథి సంఖ్య వస్తుంది. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: తేడా మాత్రమే కావాలి కనుక అయనాంశతో, అంటే మన రాశిచక్రపు మొదలు వసంత విషువత్తు బిందువు నుంచి ఎంత జరిగి ఉన్నదో చెప్పే కోణంతో, పని లేదు, అది రెండు వైపులా రద్దయిపోతుంది. నక్షత్రం చెప్పాలంటే మాత్రం అయనాంశ తప్పదు. సంస్కరణ సంఘం 1956 మార్చి 21 నాటికి దానిని 23 డిగ్రీల 15 నిమిషాలుగా నిర్ణయించింది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ తెలుగు సహా అనేక భాషలలో ప్రచురించే రాష్ట్రీయ పంచాంగం దానినే అనుసరిస్తుంది. తిథి సగటున 23 గంటల 37 నిమిషాలు. అయితే చంద్రుని వేగం స్థిరంగా ఉండదు కాబట్టి అది సుమారు 20 గంటలకు కుంచించుకుపోగలదు, 26 గంటలకు పైగా సాగగలదు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ తిథి. రెండు సూర్యోదయాల మధ్య మొదలై ముగిసిపోయిన తిథి క్షయమవుతుంది; రెండు సూర్యోదయాలను తాకిన తిథి రెండు రోజులకూ వస్తుంది.

సూర్యోదయం మీద ఆధారపడిన క్షణంలోనే తేదీ ఊరిని అడుగుతుంది. అనంతపురానికీ శ్రీకాకుళానికీ మధ్య రేఖాంశ భేదం వల్లనే సుమారు పాతిక నిమిషాల తేడా ఉంది. తిథి ఆ పాతిక నిమిషాలలో మారితే రెండు ఊళ్లకూ ఆ రోజు తిథి వేరవుతుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువారికి పంచాంగం వేరుగా వేయవలసి రావడానికి కారణం ఇదే; హైదరాబాదు పంచాంగంలోని గంటలను అమెరికా గంటలలోకి మార్చుకున్నంత మాత్రాన సరిపోదు, అక్కడి సూర్యోదయానికి ఏ తిథి ఉన్నదో మళ్లీ చూడాలి. ఒక ఆదేశం ఇస్తే ఒక సమాధానం రావాలని ప్రోగ్రాం రాసేవారికి సహజంగా కోరిక ఉంటుంది. అయినా అక్షాంశ రేఖాంశాలు ఇవ్వనిదే తిథి చూపకూడదని నేను నిర్ణయించుకున్నాను. ఏదో ఒక ఊరిని ముందుగా అనుకుని సమాధానం ఇస్తే అది సరిగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఆబ్దికం తిథి కోసం చూసుకునేవారిని మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ఊరు ఇచ్చినప్పుడు కూడా, సూర్యోదయానికి కొద్ది నిమిషాలు అటూ ఇటూగా తిథి మారుతున్నట్లయితే ప్రోగ్రాం ఆ సంగతిని స్పష్టంగా రాసి, పంచాంగకర్తను అడగమని చెబుతుంది. సూర్యబింబపు పై అంచు కనిపించడాన్ని ఉదయంగా తీసుకోవాలా, మధ్యభాగాన్నా అన్న విషయంలోనే పద్ధతులు వేరువేరుగా ఉన్నప్పుడు, నా కోడు తీర్పు చెప్పడం తగదు.

తెరమీద చూపడంలోనూ ఒక చిక్కు ఉంది. టెర్మినల్ పుట్టినది ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గల గడి ఉంటుందన్న నమ్మకం మీద. 'శ్రావణం' అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. పైథాన్‌కు ఏడు సంకేతాలు. అన్ని లిపులకూ కంప్యూటరు సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు గుణింతపు గుర్తులలో కొన్నింటిని వెడల్పు లేనివాటిగా, కొన్నింటిని చోటు తీసుకునేవాటిగా వర్గీకరించారు. దీర్ఘం ఒక వర్గంలో ఉంటే కొమ్ము మరొక వర్గంలో ఉంది. అందువల్ల నిలువు వరుసలు కలిపి పట్టికలా చూపాలని చేసే ఏ ప్రయత్నమైనా ఒక టెర్మినల్‌లో కుదిరి మరొక దానిలో చెదిరిపోతుంది. పట్టిక ఆలోచన మానుకుని పంక్తికి ఒక లెక్క చొప్పున, పేరు ముందూ విలువ వెనుకా రాయించడమే మంచిదయింది.

చివరగా భూతసంఖ్య. ఈ ప్రోగ్రాంలో నేను అన్నిటికంటే ఎక్కువ ఇష్టపడి రాసిన భాగం ఇదే. అంకెలకు బదులు లోకంలో అన్ని ఉన్న వస్తువుల పేర్లు వాడే పద్ధతి ఇది. సున్నాకు ఆకాశం, గగనం, ఒకటికి చంద్రుడు, భూమి, రెండుకు నేత్రాలు, పక్షాలు, మూడుకు అగ్ని, రాముడు, గుణాలు, నాలుగుకు వేదాలు, యుగాలు, అయిదుకు బాణాలు, ఆరుకు రసాలు, ఋతువులు, ఏడుకు మునులు, పర్వతాలు, ఎనిమిదికి వసువులు, గజాలు, తొమ్మిదికి నందులు, గ్రహాలు. అంకెలు ఎడమకు నడుస్తాయన్న నియమం ప్రకారం ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పాలి. శక 1869 అందుకే 'నంద రస వసు చంద్ర' అయింది. ఛందస్సుకు ఒదగాలి కనుక ప్రతి అంకెకూ అనేక పదాలు ఉండటం కవులకు అవసరం. ప్రోగ్రాం ప్రతి అంకెకూ ఎప్పుడూ ఒకే పదం వాడుతుంది. కోరితే ప్రత్యామ్నాయాలన్నీ చూపుతుంది.

అంకెల నుంచి మాటలకు రావడం సులువు, మాటల నుంచి అంకెలకు వెళ్లడం కష్టం. రుద్రులు పదకొండు మంది, సూర్యులు పన్నెండు మంది, మనువులు పద్నాలుగు మంది, తిథులు పదిహేను. అటువంటి పదం ఒక్కటే రెండు స్థానాలను నింపుతుంది. కొన్ని పదాలకు రెండు విలువలు ఉన్నాయి. సాగరం అంటే నాలుగు, కొన్నిచోట్ల ఏడు. లోకం అంటే మూడు, ఏడు, పద్నాలుగు కూడా. కాబట్టి విప్పే భాగం ఒక్క సంఖ్యను ఇవ్వదు, సాధ్యమైన సంఖ్యలన్నింటినీ ఇస్తుంది.

దీనికి తోబుట్టువు, హల్లులకు అంకెల విలువలు ఇచ్చే కటపయాది. అది సంగీతం నేర్చుకున్నవారికి బాగా తెలుసు: మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు, తిప్పితే అరవై అయిదవ మేళకర్త (కర్ణాటక సంగీతంలోని మూల రాగం). కేరళలో దీనిని కలి దినాలు చెప్పడానికి వాడారు. అక్కడి సంస్కృత కవి మేల్పత్తూరు నారాయణ భట్టతిరి తన నారాయణీయం అనే స్తోత్రకావ్యాన్ని 'ఆయురారోగ్యసౌఖ్యం' అన్న మాటతో ముగించాడు. ఆశీస్సుగా వినిపించే ఆ మాట 1712210 అనే కలి దినం కూడా, అంటే 1586వ సంవత్సరం చివరి భాగం. సంయుక్తాక్షరంలో చివరి హల్లునే లెక్కించాలన్నది నియమం. యూనికోడ్‌లో హల్లు పక్కన పొల్లు సంకేతం ఉంటే ఆ హల్లును దాటేస్తే చాలు, నియమం దానంతట అదే అమలవుతుంది. మేళకర్తలలో మాత్రం చక్రవాకం, దివ్యమణి వంటివి సంయుక్తంలోని మొదటి హల్లుతోనే పదహారూ నలభై ఎనిమిదీ అవుతాయి. ఆ పద్ధతిని వేరే ఐచ్ఛికంగా ఇచ్చాను. ఇచ్చిన తేదీకి కటపయాది మాటను ప్రోగ్రాం కూర్చదు. అంకెకు సరిపోతూ అర్థంతో నిలిచే మాటను వెతకడం కవి పని.

భూతసంఖ్యలోని సందిగ్ధతను తీర్చే ఉపాయం శాసనాల రచనా పద్ధతిలోనే ఉంది. శక సంవత్సరం పక్కన సంవత్సర నామాన్ని కూడా చెప్పడం వారి అలవాటు. ఉదాహరణ కోసం నేనే కూర్చిన 'రస సాగర వేద చంద్ర' అనే మాటను తీసుకుంటే, సాగరం నాలుగైతే 1446, ఏడైతే 1476. మొదటిది తారణ, రెండవది ఆనంద. శాసనంలో తారణ అని ఉంటే సందేహం తీరిపోతుంది. గతించిన సంవత్సరాన్ని చెప్పేవారూ నడుస్తున్న సంవత్సరాన్ని చెప్పేవారూ ఉన్నారు కనుక, ఒక సంవత్సరం అటూ ఇటూ కూడా చూడాలి. రాబర్ట్ సూవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి 1896లో ప్రచురించిన కాలెండరు గ్రంథమూ, స్వామికన్ను పిళ్లై 1922లో ముద్రించిన సంపుటాలూ శాసన పరిశోధకులకు ఈ సరిపోల్చే పనిని పట్టికల రూపంలో చేసిపెట్టాయి. దినాంకం చేసేది అందులో అతి చిన్న భాగం: మాటలూ సంవత్సర నామమూ ఇస్తే సాధ్యమైన శక సంవత్సరాలను వడపోసి, ఒక్కొక్క దాని పక్కనా ఆ సంఖ్య గతించినదో నడుస్తున్నదో రాసి చూపుతుంది. తిథీ వారమూ కూడా శాసనంలో ఉంటే, మిగిలిన వాటిలో ఏ సంవత్సరంలో ఆ రెండూ ఒకే రోజున కలిశాయో వెతికే భాగాన్ని ఇప్పుడు రాస్తున్నాను. అందుకు కూడా శాసనం ఉన్న ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వవలసే ఉంటుంది.